చతురస్రంగా కోసిన ముక్కలు

మే 19

ఫిల్ము పెట్టె ఈ రోజు చేరింది. గాఫ్‌క్రోమిక్ ఈబీటీ3, వికిరణం మోతాదును రంగు మార్పుతో చూపే ఫిల్ము, 25 షీట్లు, ఒక్కొక్కటి 8×10 అంగుళాలు. కొనుగోలు కాగితం మీద సంతకాలన్నీ పడేసరికి నాలుగు నెలలైంది. పెట్టె ఇస్తూ మా అకౌంట్స్ ఆయన, "ఎక్స్‌రే విభాగంలోనే ఫిల్ములు మానేశారు కదా మేడమ్, మీకు మళ్ళీ ఫిల్ము దేనికి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ నిలబడి సగం చెప్పాను, మిగతా సగం ఇక్కడ రాసుకుంటున్నాను.

మా లినాక్ (క్యాన్సర్ రోగులకు కిరణాలిచ్చే యంత్రం) మీద ఇప్పుడు చిన్న కణితులకు కూడా చికిత్స మొదలుపెట్టాం. ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డ, మెదడులో గోలీ అంత మచ్చ. ఇలాంటి ప్లానుల్లో (ఎక్కడ ఎంత మోతాదు పడాలో ముందే వేసుకున్న లెక్క) కణితి అంచు దాటగానే కొద్ది మిల్లీమీటర్లలోనే మోతాదు సగానికి పడిపోతుంది. రోగిని బల్ల మీద పడుకోబెట్టే ముందు, ప్లానులో ఉన్నదే యంత్రం ఇస్తోందా లేదా అని చూసుకోవాలి. దానికి మా దగ్గరున్న డిటెక్టర్ పలకలో అయాన్ ఛాంబర్ల (మోతాదు కొలిచే చిన్న గదుల) మధ్య ఎడం ఏడెనిమిది మి.మీ. పెద్ద కళ్ళ వలతో మెత్తళ్ళు పట్టబోయినట్టు ఉంటుంది వ్యవహారం: జారిపోకూడనిదే జారిపోతుంది. ఫిల్ముకు కళ్ళు లేవు, అంతా ఒకటే పొర. స్కానర్ ఎంత సన్నగా చదివితే అంత సన్నగా చెబుతుంది.

పాత ఎక్స్‌రే ఫిల్ములా ఇందులో వెండి లేదు. 125 మైక్రాన్ల పాలియెస్టర్ పొరలు రెండింటి మధ్య 28 మైక్రాన్ల పూత ఉంటుంది. పూతలో డయాసిటిలీన్ జాతికి చెందిన ఒక లిథియం లవణం, సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా. వికిరణం తగిలితే ఆ అణువులు పక్కవాటితో చేతులు కలిపి గొలుసులవుతాయి. గొలుసులు 635 నానోమీటర్ల దగ్గర ఎర్ర కాంతిని మింగుతాయి. అందుకే పచ్చిమామిడి తొక్క లోపలి వైపులా ఉన్న ఫిల్ము మోతాదు పెరిగేకొద్దీ ముదురాకు రంగుకు తిరుగుతుంది. డెవలపర్, ఫిక్సర్, చీకటి గది ఏవీ అక్కర్లేదు.

మే 21

కోత. షీటును 4×4 సెం.మీ. ముక్కలుగా కోశాను. స్కేలు పెట్టి, పదునైన బ్లేడుతో, చేతులకు గ్లోవ్స్ వేసుకుని. కత్తెరతో కోస్తే అంచు దగ్గర పొరలు విడిపోతాయి, అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్లు పనికిరాకుండా పోతాయి. ముక్కలన్నీ సమానంగా, చక్కగా, మిఠాయి కొట్టులో అద్దం వెనక పేర్చినట్టు వచ్చాయి.

మిఠాయి అంటే గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఎవరిదో పుట్టినరోజని మలై కాజాల పెట్టె వచ్చింది. తిన్న చేతితోనే మా ట్రైనీ ఒక ముక్కను "చూద్దాం మేడమ్" అంటూ పట్టుకున్నాడు. నేతి వేలిముద్ర పడింది. తుడిస్తే ఇంకా వెడల్పయింది. ఆ ముక్కను పారేయకుండా, ఏం చేయకూడదో చూపడానికి బోర్డుకు గుచ్చి పెట్టాను.

మే 22

సాయంత్రం రోగులందరూ వెళ్ళాక లినాక్ మాకు దొరికింది. 6 ఎంవీ (మెగావోల్టుల) కిరణం, 10×10 సెం.మీ. ఫీల్డు, ఘన జలం (నీటిలాగే కిరణాలను పీల్చే ప్లాస్టిక్) పలకల మీద మూలం నుంచి 100 సెం.మీ. దూరం. ముక్క 5 సెం.మీ. లోతులో, దాని కింద మరో 10 సెం.మీ. పలకలు. ముందు అదే లోతులో 0.6 సీసీ ఛాంబర్ పెట్టి, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ టీఆర్‌ఎస్-398 పద్ధతిలో ఆనాటి అవుట్‌పుట్ చూసుకున్నాం. మా కిరణానికి 5 సెం.మీ. దగ్గర లోతు శాతం 86, గరిష్ఠ మోతాదులో అంత భాగమే అక్కడికి చేరుతుంది. అంటే 200 సెంటీగ్రే (మోతాదు కొలమానమైన గ్రేలో నూరో వంతు సెంటీగ్రే) కావాలంటే సుమారు 233 మానిటర్ యూనిట్లు, యంత్రం కిరణాన్ని లెక్కపెట్టే యూనిట్లు, నొక్కాలి.

0, 50, 100, 200, 300, 400, 600, 800 సెంటీగ్రే. ఒక్కో ముక్కకు లోపలికి వెళ్ళడం, పలక ఎత్తడం, పెట్టడం, బయటికి రావడం, తలుపు మూయడం. ఎనిమిది గంటలకు అయిపోయింది. ముక్కల వెనక మోతాదు రాసిన చిన్న కవర్లు.

ఇప్పుడు ఒక రోజు ఆగాలి. వికిరణం ఆగినా ఆ అణువుల గొలుసు పని వెంటనే ఆగదు. మొదటి గంటల్లో రంగు వేగంగా ముదురుతుంది, తరవాత నెమ్మదిస్తుంది. తోడు వేసిన పాలు గడ్డకట్టినట్టు.

మే 23

స్కానింగు. ఫొటోల కోసం చేసిన ఏ4 స్కానరే, కాకపోతే మూతలో కూడా దీపం ఉంటుంది కాబట్టి కాంతి ఫిల్ము గుండా దూరి వస్తుంది. 72 డీపీఐ, రంగుకు 16 బిట్లు, రంగుల సవరణలన్నీ ఆపేసి. ఈ చివరిది మరిచిపోతే స్కానర్ మనకు అందంగా చూపించాలని తన ఇష్టం వచ్చినట్టు దిద్దేస్తుంది. దీపం కుదుటపడడానికి ముందు ఐదు ఖాళీ స్కాన్లు తీసి పారేశాను.

లెక్క చిన్నదే. కిరణం తగలని ముక్క ఎర్ర ఛానల్ విలువను తగిలిన ముక్క విలువతో భాగించి, 10 ఆధారంగా లాగరిథమ్ తీయాలి. తగలనిది 41,200. 200 సెంటీగ్రే ముక్క 26,300. నికర సాంద్రత, అంటే ఫిల్ము ఎంత ముదిరిందో చెప్పే అంకె, 0.195. 800 సెంటీగ్రేది 14,900 ఇచ్చింది, అంటే 0.442. మోతాదు నాలుగింతలైతే సాంద్రత రెండింతల కంటే కాస్తే ఎక్కువ. వంపు అలా ఉండడం మామూలే.

మామూలు కానిది 300 దగ్గర ఉంది. మోతాదుకు సాంద్రత ఎంతో గీసిన గ్రాఫులో మిగిలిన బిందువులన్నీ ఒక గీత మీద బుద్ధిగా కూర్చుంటే అదొక్కటే గట్టు మీద నిలబడింది. గీత ప్రకారం ఉండాల్సిన మోతాదు కంటే ఐదు శాతానికి పైగా తేడా. మానిటర్ యూనిట్లు రాసుకున్న కాగితం చూశాను, సరిగానే ఉన్నాయి. ముక్కను ఆరుసార్లు స్కాన్ చేశాను. ఆరుసార్లూ అదే సంఖ్య. తప్పు కూడా ఇంత నిలకడగా ఉంటే మనిషికి తన మీద తనకే అనుమానం వస్తుంది.

మే 25, ఆదివారం, కావలి

మామయ్యను చూడ్డానికి వెళ్ళాను. ఆయన నలభై ఏళ్ళు పారిశ్రామిక రేడియోగ్రఫీలో పనిచేశారు. ఇరిడియం-192 అనే రేడియోధార్మిక మూలం ఉన్న కెమెరా పట్టుకుని ఊరూరా తిరిగి గొట్టాల అతుకులకు ఫొటోలు తీశారు. కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రం బాయిలర్ అతుకులు ఆయన చివరి పెద్ద పని. ఆ పని ఎప్పుడూ రాత్రిపూటే: కూలీలు దిగిపోయాక చుట్టూ తాళ్ళు కట్టి, సర్వే మీటరుతో హద్దు చూసుకుని, ఫిల్ము కట్టి, మూలాన్ని బయటికి తోసి, గడియారం చూసుకుంటూ దూరంగా నిలబడడం. ఇరిడియం అర్ధాయువు 74 రోజులు. నిన్న రెండు నిమిషాలు చాలిన అతుక్కు రెండున్నర నెలల తరవాత నాలుగు నిమిషాలు కావాలి.

నా ముక్కలున్న కవర్లు సంచిలోనే ఉన్నాయి. ఆయనకు చూపించకుండా ఉండగలనా. కళ్ళద్దాలు పైకి తోసి, ఒక్కొక్కటి కిటికీ వెలుగుకు పట్టి చూశారు.

"ఫిక్సర్ వాసన లేదు. ఇది ఫిల్మేనా?" అన్నారు ముందు.

తరవాత 300 ముక్క పట్టుకుని, "ఇందులో ఏ పక్క పైకి?" అని అడిగారు.

నాకు నోట మాట రాలేదు. చతురస్రం కదా. ఏ పక్కైనా పైకే.

"మా పనిలో గుర్తు లేని ఫిల్ము చెల్లని ఫిల్మే అమ్మాయీ. అతుకు నంబరు, ఏ మూల నుంచి ఏ మూలకు అన్నీ సీసపు అక్షరాలతో గొట్టం మీదే అంటించి తీసేవాళ్ళం. అక్షరం ఫిల్ములో పడకపోతే మళ్ళీ తీయాల్సిందే. సాంద్రత 2 కంటే తగ్గినా, 4 దాటినా మళ్ళీ తీయాల్సిందే. నువ్వేమో బిస్కట్ల మాదిరి కోసి పెట్టుకున్నావు."

అన్నం తినేటప్పుడు, తమకు ఎంత మోతాదు తగిలిందో తెలియడానికి పనివాళ్ళు పెట్టుకునే ఫిల్ము బ్యాడ్జీల సంగతి వచ్చింది. మామయ్య ఉద్యోగంలో చేరేసరికి ఫిల్ము లేకుండానే మోతాదు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ వచ్చేసింది. ఆయనకు పని నేర్పిన పెద్దాయన మాత్రం ఫిల్ము బ్యాడ్జీ పెట్టుకుని తిరిగినవాడు. చిన్న ఫిల్ము ముక్క, దాని మీద వేరువేరు లోహాల రేకులు. రేకులు ఎందుకంటే వెండి పరమాణు సంఖ్య 47, తక్కువ శక్తి ఎక్స్‌రేలను అది విపరీతంగా పీల్చుకుని ఉన్నదానికంటే చాలా ఎక్కువ మోతాదు చూపిస్తుంది. ఏ రేకు కింద ఎంత నల్లబడిందో పోల్చి చూస్తే తగిలిన కిరణం ఎలాంటిదో తెలిసేది. ఆ పెద్దాయన ఒకసారి బ్యాడ్జీని ఎండలో జీపు ముందద్దం దగ్గర మరిచిపోయాడట. వేడికి ఫిల్ము మసకబారి, ఆ నెల ఆయన పేరు మీద ఎంతో మోతాదు వచ్చింది. విచారణలో "నేను కాదయ్యా, జీపు తిన్నది" అని చెప్పుకోవాల్సి వచ్చిందని మామయ్య నవ్వారు.

బయలుదేరేటప్పుడు పాత చెక్క పెట్టెలోంచి ఒక మెట్ల పట్టీ తీసి ఇచ్చారు. లేత నుంచి నలుపు వరకు మెట్లుమెట్లుగా సాంద్రత తెలిసిన ఫిల్ము. "నీ స్కానర్ ఈ రోజు చెప్పిందే రేపూ చెబుతుందో లేదో దీంతో చూసుకో."

మే 27

మామయ్య ప్రశ్నే సమాధానం. 300 ముక్కను 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ స్కాన్ చేశాను. బిందువు వచ్చి గీత మీద కూర్చుంది.

పూత పూసేటప్పుడు ఆ సూది స్ఫటికాలు పూత సాగిన దిశలో ఒక వరసలో పడుకుంటాయి. నాట్లలో మొక్కలు సాళ్ళుగా నిలిచినట్టు. సాలు వెంట చూస్తే నేల కనిపిస్తుంది, అడ్డంగా చూస్తే పైరే కనిపిస్తుంది. కాంతి కూడా అంతే: ఫిల్ము నిలువుగా ఉంటే ఒక సంఖ్య, అడ్డంగా ఉంటే మరో సంఖ్య. ఇది నేను చదవని విషయం కాదు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చదివింది చేతిదాకా రాకపోతే ఇలాగే ఉంటుంది.

ముక్కలన్నీ పక్కన పెట్టేశాను. కొత్తగా 4×20 సెం.మీ. పట్టీలు. పొడవేదో చూడగానే తెలుస్తుంది. ప్రతి పట్టీకి పై కుడి మూలన సన్న మార్కరుతో చుక్క.

జూన్ 3

రోహిణి కార్తె. బయట ఎలా ఉందో రాయనక్కర్లేదు. రెండోసారి చేసిన అమరిక, అంటే పట్టీలతో కొత్తగా గీసిన గీత, బాగా వచ్చింది, ఆ సంతోషం మూడు రోజులే.

ఈ రోజు మామయ్య మెట్ల పట్టీని ఉదయం స్కాన్ చేస్తే ఒక విలువ, మధ్యాహ్నం ఇంకో విలువ. ఒక శాతం పైచిలుకు తేడా. ఉదయం గది చల్లగా ఉంది. మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ కంప్యూటరును, స్కానర్‌ను నిలబెట్టింది కానీ ఏసీ ఆగింది. మెట్ల పట్టీ వెండి ఫిల్ము, దానికి ఈ బాధ లేదు కాబట్టి మారింది స్కానరే. నా ఫిల్ముకైతే రెండు బాధలూ ఉన్నాయి: స్కానర్ వేడెక్కితే మారుతుంది, తాను వేడెక్కినా మారుతుంది.

ఆపైన ఇంకో సంగతి బయటపడింది. ఫిల్ము పెట్టెను రెండు వారాలుగా యూపీఎస్ మీది అరలో ఉంచాం. చెయ్యి పెట్టి చూస్తే పెట్టె అడుగు గోరువెచ్చగా ఉంది. 25 డిగ్రీలు దాటనీయకుండా దాచుకోవాల్సిన వస్తువు. అక్కడ ఎవరు పెట్టారని అడగబోయి ఆగాను. నేనే పెట్టాను.

1896లో బెకరెల్ యురేనియం లవణాన్ని, ఫొటో ప్లేటును కలిపి సొరుగులో పెట్టి, మబ్బుల రోజుల తరవాత మార్చి 1న డెవలప్ చేసి చూస్తే ఎండ లేకపోయినా బొమ్మ పడింది. ఆయన సొరుగులో రేడియోధార్మికత బయటపడింది. నా అరలో యూపీఎస్ వేడి బయటపడింది. ఎవరి ప్రాప్తం వారిది.

పెట్టె ఇప్పుడు నర్సింగు వాళ్ళ మందుల ఫ్రిజ్ పక్కన, ఏసీ ఎప్పుడూ ఆపని గదిలో ఉంది.

వేడి అనగానే గుర్తొచ్చిన ఒక వింత. సిరంజీలు, గ్లోవ్స్ వంటివి గామా కిరణాలతోనో ఎలక్ట్రాన్లతోనో క్రిమిరహితం చేసేచోట వాడే మోతాదు మామూలుగా 25 కిలోగ్రే. మా రోగికి రోజుకు ఇచ్చే 2 గ్రేకు పన్నెండున్నర వేల రెట్లు. నా ఫిల్ము అక్కడ పెడితే బొగ్గే. అక్కడ బీ3 అనే మరో ఫిల్ము వాడతారు, రంగు లేనిది గులాబీ రంగుకు తిరుగుతుంది. దాన్ని కిరణం తగిలాక దాదాపు 60 డిగ్రీల దగ్గర కాసేపు వేడి చేస్తేనే రంగు స్థిరపడుతుంది. ఇక్కడ శత్రువైనది అక్కడ వంట.

జూన్ 10

పద్ధతి మార్చాం. ప్రతి స్కానులోనూ కొలవాల్సిన ఫిల్ముతో పాటు రెండు పట్టీలు పక్కనే: ఒకటి కిరణం తగలనిది, ఒకటి మోతాదు తెలిసినది, అదే పెట్టెలోంచి, అదే రోజు ఇచ్చినది. స్కానర్ ఎటు జరిగితే ఆ రెండూ అటే జరుగుతాయి, గీతను వాటితో సరిదిద్దుకోవచ్చు. సంతలో తక్కెడ మీద నమ్మకం లేనివాడు ఇంటి రాయి వెంట తెచ్చుకున్నట్టు.

జూన్ 17

మొదటి అసలు ప్లాను. ఊపిరితిత్తి కణితికి వేసిన ప్లానును, రోగికి బదులు పెట్టే దిమ్మ అయిన ఫాంటమ్‌లో ఫిల్ము మీద వేశాం. కొలతకు, ప్లానుకు తేడా మోతాదులో 3 శాతం, దూరంలో 2 మి.మీ. లోపు ఉందా అని చూసే గామా పరీక్షలో 88 శాతం బిందువులే నెగ్గాయి. 95 రావాలి. 90 కూడా లేదంటే ఆ ప్లానుతో ముందుకు వెళ్ళకూడదు.

డాక్టరుగారు వచ్చి, "ప్లాను తప్పా, ఫిల్ము తప్పా?" అని అడిగారు. తెలియదన్నాను. ఛాంబర్‌తో మధ్య బిందువు కొలిస్తే ఒక శాతం లోపే ఉంది. రోగి చికిత్స రెండు రోజులు వెనక్కి జరిపాం. ఇంట్లోవాళ్ళకు ఆ మాట చెప్పడం ఈ రోజు చేసిన పనులన్నిటిలో కష్టమైనది.

జూన్ 18

తప్పిన బిందువులన్నీ ఒకే పక్కన ఉన్నాయి. కిరణానికి పక్షపాతం ఉండదు, ఉంటే స్కానర్‌కే. ఫిల్మును గాజు మీద ఎడమ అంచుకు జరిపి పెట్టాం. ఫిల్ములోని సూదులు కాంతిని ధ్రువీకరిస్తాయి, అంటే ఒకే దిశలో ఊగేలా చేస్తాయి. స్కానర్ మధ్యలో కాంతి నిటారుగా దూరుతుంది, అంచుల్లో ఏటవాలుగా వచ్చి అద్దాల మీద పడేసరికి కొంత తగ్గుతుంది. ఫిల్ము ఎంత నల్లగా ఉంటే ఆ తగ్గుదల అంత ఎక్కువ. కాబట్టి అంచున మోతాదు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

అట్టతో ఒక చట్రం కోసి గాజు మీద అతికించాను, ఫిల్ము ఇక మధ్యలో తప్ప ఎక్కడా కూర్చోదు. నీలం ఛానల్‌తో పూత మందం తేడాలను కూడా సరిదిద్దాను. అదే ఫిల్ము, మళ్ళీ స్కాను: 97.4 శాతం. రేపే చికిత్స మొదలు.

గాజు మీద ఫిల్ము పెడుతుంటే చిన్నప్పటి అభ్రకం గుర్తొచ్చింది. సైదాపురం వైపు నుంచి ఎవరో తెచ్చిచ్చిన అభ్రకం ముక్కను గోటితో చీల్చి, రెండు పొరల మధ్య రంగుల ఉంగరాలు చూసేవాళ్ళం. ఈ ఫిల్ము పాత రకాల్లో గాజుకు, ఫిల్ముకు మధ్య అవే ఉంగరాలు పడి కొలత చెడేది. ఈబీటీ3 పైపొరలో సన్నని సిలికా రేణువులు కలిపి గరుకుగా చేశారు, ఉంగరాలు పోయాయి. కొలతకు మంచిదే.

జులై 8

రొట్టెల పండుగ. దర్గామిట్ట వైపు దారులన్నీ జనం. నిన్న మధ్యాహ్నం కిరణం ఇచ్చిన రెండు ఫిల్ములను ఈ రోజు అదే వేళకు స్కాన్ చేయాలి. ట్రైనీ చేరేసరికి సాయంత్రమైంది, అంటే 24 గంటలకు బదులు 30. కంగారుపడుతూ వచ్చాడు. పరవాలేదన్నాను. గంటకు చూడాల్సిన ఫిల్మును రెండు గంటలకు చూస్తే తేడా గానీ, రోజు గడిచాక ఆరు గంటలు దాని మీద పెద్దగా పనిచేయవు. పైగా తోడున్న పట్టీ కూడా అన్నే గంటలు ఆగింది. స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె పట్టుకున్నానని, నాకు ఇవ్వడానికి సగం తెచ్చానని చెప్పాడు. గ్లోవ్స్ వేసుకోకముందే తిన్నాం.

జులై 22

పదకొండు ప్లానులు కొలిచాం. అన్నీ 95 పైన. మొత్తం మీద మా ఫిల్ము కొలతలో అనిశ్చితి రెండు మూడు శాతమని లెక్క వేశాను, ఛాంబర్‌తో పోలిస్తే ఎక్కువే. కాబట్టి మధ్య బిందువు ఎప్పుడూ ఛాంబర్‌దే, అంచుల సంగతి ఫిల్ముది.

రెండో పెట్టె వచ్చింది, లాటు నంబరు వేరు. గీత మళ్ళీ మొదటి నుంచి. పట్టీలు కోసి చుక్కలు పెట్టడం ట్రైనీకి అప్పగించాను.

మెట్ల పట్టీ తిరిగి ఇస్తానంటే, "నా దగ్గర ఏ ఫిల్ము ఉందని, అక్కడే ఉండనీ" అన్నారు మామయ్య. దానికి బదులుగా పాడైన చతురస్రం ముక్క ఒకటి అడిగి తీసుకున్నారు. దాన్ని కిటికీ ఊచల మధ్య పెట్టారట. ఎండలోని అతినీలలోహిత కాంతికి ముదిరిపోతోంది, క్యాలెండరు మీద రోజూ రాసుకుంటున్నానని నిన్న రాత్రి ఫోను చేశారు.

"ఏ పక్క పైకి పెట్టారు మామయ్యా?" అని అడిగాను.